వాడా, ఆయనా?

మా అబ్బాయి కుటుంబం నాలుగేళ్లు అమెరికాలో ఉండి తిరిగి వచ్చినప్పుడు, సామానుతోపాటు ఒక అట్టపెట్టె నిండా డివిడి బిళ్లలు తెచ్చుకున్నారు. అక్కడి పక్కింటివాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యారట. తమకిక అక్కర్లేని బొమ్మల కథలన్నీ మా మనవడికి ఇచ్చేశారట. వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. ఎండాకాలం సెలవులకు అన్నూరు వచ్చి మా దగ్గరే ఉంటాడు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా తోటలోకి పోనివ్వం గనక, వాడు నడవలో కూర్చుని ఆ బిళ్లలు వేసుకుంటాడు. నేను పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చుంటాను. నిజానికి నేనూ చూస్తాను.

మా ఊరు ఎరగని పాఠకులకు ఒక మాట. కోయంబత్తూరు నుంచి సత్యమంగళం పోయే దారిలో, సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది అన్నూరు. ఊళ్లో మన్నీశ్వరుడి గుడి, ఊరి చుట్టూ తోటలు, మిల్లులు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పిల్లల బడిలో ఇంగ్లీషు. మనవడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మనలో చాలామంది ఇళ్ల సంగతి ఇంతే కాబట్టి దీన్ని పొడిగించను.

ఆ బొమ్మల కథల పేరు వెజ్జీటేల్స్. 1993లో ఫిల్ విషర్, మైక్ నవ్రాకి అనే ఇద్దరు మిత్రులు షికాగోలో మొదలుపెట్టారు. పిల్లలకు క్రైస్తవ నీతులు చెప్పాలన్నది వాళ్ల ఉద్దేశం. కథల్లో మనుషులుండరు, అన్నీ కూరగాయలే. బాబ్ అని ఒక టొమాటో, లారీ అని ఒక కీరదోసకాయ వంటింటి బల్ల మీద నిలబడి మాట్లాడుకుంటూ ఉంటాయి. వాటికి చేతులూ లేవు, కాళ్లూ లేవు, గెంతుతూ నడుస్తాయి. అప్పటి కంప్యూటర్లతో చేతులు, జుట్టు, బట్టలు కదిలించి చూపడం కష్టం. అందుకని అవేవీ లేని పాత్రల కోసం వెతికారట. విషర్‌కు మొదట తోచింది చాక్లెట్. పిల్లలకు మిఠాయి మీద మోజు పెంచితే తల్లులు కోప్పడతారని ఆయన భార్య అన్నదట. అలా కూరగాయలు వచ్చాయి. ఎంత ఆడించినా యేసును మాత్రం కూరగాయగా చూపకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

ఒక్కో కథలో ఒక్కో చిన్న నీతి ఉంటుంది. చీకటికి భయపడకు, తప్పు చేసినవాణ్ణి క్షమించు, ఉన్నదానితో తృప్తి పడు, ఇలాంటివి. కథ అయ్యాక ఆ బల్ల మీదే ఉండే ఒక కంప్యూటరు తెర మీద బైబిలు వాక్యం ఒకటి వస్తుంది. మన పంచతంత్రం కథ చివర ‘నీతి’ అని అచ్చు వేసినట్టు, శతక పద్యానికి మకుటం తగిలించినట్టు అన్నమాట. ఇందులో మనకు కొత్తేమీ లేదు. మా ఆవిడైతే ‘మన కాకి, నక్క కథలకే టొమాటో వేషం కట్టినారు’ అని తేల్చేసింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బిళ్లల్లోని రెండు కథలు. రెండూ మనవడు ఒకే వారంలో చూశాడు.

మొదటిది 1997 నాటిది. ఒక పిల్లవాడు వాళ్ల నాన్న భద్రంగా దాచుకున్న పళ్లెం పగలగొడతాడు. అప్పుడు ఆకాశం నుంచి ఊడిపడిన ఒక నీలం రంగు చిన్న ప్రాణి వాడి పక్కన చేరి, చిన్న అబద్ధం చెబితే పోయేదేముంది అంటుంది. వాడు చెబుతాడు. ఆ ప్రాణి కాస్త పెరుగుతుంది. మొదటి అబద్ధం నిలబెట్టడానికి ఇంకొకటి చెబుతాడు, అది ఇంకా పెరుగుతుంది. చివరకు ఇళ్లకన్నా ఎత్తు పెరిగి ఆ పిల్లవాణ్ణే పట్టుకుపోతుంది. దాన్ని ఓడించడం దోసకాయ వీరుడి వల్ల కూడా కాదు. పిల్లవాడు నిజం ఒప్పుకున్నాకే అది కరిగిపోతుంది.

రెండోది 1995 నాటిది. రెండు ఊళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక ఊరివాళ్లు తల మీద బూట్లు పెట్టుకుంటారు, రెండో ఊరివాళ్లు కుండలు పెట్టుకుంటారు. ఆ ఒక్క తేడాకే ఒకరినొకరు ఏవగించుకుని బూట్లూ కుండలూ విసురుకుంటారు. బూట్ల ఊరి కుర్రవాడు లారీ దారిన పోతుంటే దొంగలు దోచుకుని గోతిలో తలకిందులుగా పడేసి పోతారు. సొంత ఊరి పెద్ద ఆ దారినే వస్తాడు, పనుందని పోతాడు. డాక్టరు వస్తుంది, ఆమెకూ పనే. చివరకు కుండల ఊరి పిల్లవాడొకడు వచ్చి పైకి లాగుతాడు. లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు చెప్పిన మంచి సమరయుడి కథకు పిల్లల కోసం కట్టిన వేషం ఇది. మనవడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున నడవలో కాఫీ తాగుతుంటే తోట గేటు చప్పుడైంది. మా తోటలో నలభై ఏళ్లుగా పని చేస్తున్న పెద్దాయన వస్తున్నాడు. నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద. అరుంధతీయుడు. వాళ్లింట్లోనూ తెలుగే. గేటు దగ్గర చెప్పులు విడిచి, చేత పట్టుకుని, ఇంటి పక్కగా నడిచి కొట్టం వైపు పోయాడు. రోజూ అలాగే పోతాడు. పట్టుకోమని నేను ఎన్నడూ చెప్పలేదు, వద్దని కూడా ఎన్నడూ చెప్పలేదు.

మనవడు అడిగాడు: ‘తాతా, ఆ ఊరోళ్లు తల మీద పెట్టుకుంటారు గదా, వాడేంటికి చేత పట్టుకోని పోతాడు?’

‘బురద అంటుకుంటుందని’ అన్నాను. అది చిత్తిరై నెల.

‘బురద లేదే తాతా.’

‘తెగిపోయినాయేమో.’

వాడు కాసేపు ఊరుకుని, లేచి కొట్టం దాకా పోయి వచ్చాడు. ‘తెగలేదు. చూరులో సొట్టల టంబ్లరు పెట్టినారే, దాంట్లోనే కాఫీ తాగుతున్నాడు. మన టంబ్లరు ఇయ్యకూడదా?’

‘వాడికి అదే ఇష్టం లేరా’ అన్నాను.

మనవడు నమ్మాడో లేదో తెలియదు, లోపలికి పోయాడు. నాకు మాత్రం ఆ నీలం రంగు ప్రాణి గుర్తుకొచ్చింది. మూడు నిమిషాల్లో మూడు అబద్ధాలు. మూడోది అన్నిటికన్నా పెద్దది. మొదటి రెండూ నన్ను తప్పించడానికి చెప్పినవి. మూడోది నా తప్పును తీసుకుపోయి ఆ మనిషి నెత్తిన పెట్టింది.

పిల్లలకు కథతో నీతి చెప్పవచ్చా అన్నది పాత ప్రశ్న. పిల్లల చెవిన ఏ కథలు పడాలో పెద్దలు చూసుకోవాలని ప్లేటో ‘రిపబ్లిక్’లో వాదించాడు. రూసో 1762లో ‘ఎమిల్’ రాస్తూ ఇంకో చిక్కు ఎత్తిచూపాడు. కాకి నోట్లోని జున్నుముక్కను నక్క పొగిడి కాజేసిన కథ తీసుకుని, దాన్ని విన్న పిల్లవాడు కాకిలా మోసపోకూడదని నేర్చుకోడు, నక్కలా బతకడమే నేర్చుకుంటాడు అన్నాడు. కథ చెప్పేవాడు ఒకటి అనుకుంటే వినేవాడు మరొకటి అందుకుంటాడని ఆయన భయం. నాకు జరిగింది దానికి తలకిందులు. వినేవాడు సరిగ్గానే అందుకున్నాడు, పక్కనున్న పెద్దవాడే నక్క అయ్యాడు.

ఇలాంటి బొమ్మల కథలకు ఒక వరస ఉంది. వెజ్జీటేల్స్‌కు ముప్పై ఏళ్ల ముందే, 1961లో, అమెరికా టెలివిజన్‌లో ‘డేవీ అండ్ గొలయాత్’ వచ్చింది. ఒక చిన్న పిల్లవాడు, వాడొక్కడికే మాటలు వినిపించే కుక్క. బొమ్మలను చేత్తో కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటో తర్వాత ఫొటో తీసే పద్ధతిలో ఆర్ట్ క్లోకీ, రూత్ క్లోకీ దంపతులు చేశారు. ఖర్చు పెట్టింది యునైటెడ్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా. ఆ సంస్థ మన తెలుగువారికి కొత్తది కాదు. 1842లో హేయర్ అనే జర్మను పాదిరి గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను పనిని ఇరవయ్యో శతాబ్దంలో నడిపింది ఆ సంస్థే. అందులోంచే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. ఒకే చర్చి గుంటూరు సీమలో బడులూ ఆసుపత్రులూ పెట్టింది, తన దేశంలో పిల్లలకు మాట్లాడే కుక్కను ఇచ్చింది.

గుంటూరులో ఆ బడుల వల్ల ఏం జరిగిందో మనకు తెలుసు. అంతకుముందు ఎవరూ పలక ఇవ్వని పిల్లలకు పలక వచ్చింది. అక్కడ నీతి అంటే ఫలానా పిల్లవాడు ఫలానా బల్ల మీద కూర్చోవడం. ఊళ్లో దానికి కోపగించినవాళ్లున్నారు, అంటే దానికి ఖరీదుంది. బొమ్మల కథలోని నీతికి అంత ఖరీదుండదు. అరగంటలో తగువు వస్తుంది, అరగంటలో తీరుతుంది, పాట పాడి ముగిస్తారు. అబద్ధమాడకు, బొమ్మలు పంచుకో, సారీ చెప్పు. ఈ మాటలకు ఏ ఇంట్లోనూ ఎదురు చెప్పేవాడుండడు. ఎదురు చెప్పేవాడు లేని నీతి మర్యాద అవుతుందేమో గాని, అంతకు మించి ఏం చేస్తుందన్నది నా సందేహం.

ఈ సందేహం ఆ కథలు చేసినాయనకే వచ్చింది. విషర్ కంపెనీ బాగా పెరిగి, అప్పుల్లో పడి, 2003లో దివాలా తీసి చేతులు మారింది. 2006లో ఎన్‌బిసి అనే పెద్ద చానెలు శనివారం ఉదయాల్లో ఆ కథలు వేస్తూ, దేవుడి ప్రస్తావనలు కొన్నీ బైబిలు వాక్యాలూ కత్తిరించమన్నది. చాలామంది క్రైస్తవులు నొచ్చుకున్నారు, విషర్ కూడా నొచ్చుకున్నాడు. కాని 2011 నాటికి ఆయన ఇంకా కఠినమైన మాట తన మీదే అనుకున్నాడు. పదేళ్లపాటు తాను పిల్లలకు క్రైస్తవుల్లా మెలగడం నేర్పానే తప్ప క్రైస్తవం నేర్పలేదని ఆయన పశ్చాత్తాపం. వేరు చూపకుండా కొమ్మలకు కాయలు కట్టానన్నట్టు.

మా బంధువొకాయన ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి తెచ్చాడు. మనవడు చూస్తున్నది గమనించి, ‘మన పిల్లోళ్లకు పరమతం కథలేంటికి? మనకు లేవా?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఉన్నాయి. శంకరుడు కాశీలో చండాలుణ్ణి తప్పుకోమంటే, తప్పుకోవలసింది దేహమా ఆత్మా అని అతను ఎదురడిగిన కథ ఉంది. శ్రీరంగంలో గుడి మెట్టు ఎక్కనివ్వని తిరుప్పాణాళ్వారును అర్చకుడే భుజాల మీద మోసుకుపోయిన కథ ఉంది. వేమన ఉన్నాడు. ఇవన్నీ మా ఇంట్లో చెప్పుకున్నవే. తిరుప్పాణాళ్వారు కథ మా నైనా కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పేవాడు. చెప్పినన్నాళ్లూ ఆ టంబ్లరు కొట్టం చూరులోనే ఉంది. కనుక కథ ఏ మతానిదన్నది ఇక్కడ తగువు కాదు. మన కథ మనకు బాగా అలవాటైపోయి, మన ఇంటి గురించే చెబుతోందని తోచదు. ఆళ్వారు శ్రీరంగంలో ఉంటాడు, మనం చేతులు జోడిస్తాం. ఎక్కడిదో టొమాటోల కథ వచ్చి తగిలితే ఉలిక్కిపడతాం.

ఐతే విషర్ చెప్పిన వేరు మాట మాత్రం నన్ను వదల్లేదు. వేరు ఎక్కడుందో చూద్దామని పాత తెలుగు బైబిలు తీసి లూకా పదో అధ్యాయం చదివాను. అందులో బూట్లూ లేవు, కుండలూ లేవు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి, దొంగలు, కొనప్రాణంతో పడివున్న మనిషి. చూసి పక్కకు తప్పుకుని పోయినవాళ్లు ఒక యాజకుడు, ఒక లేవీయుడు. ఆగినవాడు సమరయుడు. యూదులకు సమరయులంటే ఎంత అంటరానితనమో యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో తెలుస్తుంది. బావి దగ్గర యేసు నీళ్లడిగితే, యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని సమరయ స్త్రీ విస్తుపోతుంది. అక్కడ యూదులు సమరయులతో సాంగత్యం చేయరని ఉన్న మాటకు, ఒకే పాత్రను కలిసి వాడుకోరని అర్థం చెప్పిన పండితులున్నారు.

అది చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. రెండు వేల ఏళ్ల కిందటి తగువు కూడా నీళ్లు తాగే పాత్ర దగ్గరే ఉంది. దాన్ని అమెరికా పిల్లలకు చెప్పేటప్పుడు ఎవరికీ నొప్పి తగలకూడదని నెత్తిన కుండా బూటూ పెట్టి నవ్వులాటగా మార్చారు. వాళ్ల దేశంలోనూ నల్లవాళ్లకు వేరే కుళాయిలు పెట్టిన రోజులు మరీ పాతవి కావు. ఆ మాట ఎత్తకుండా, ఏ ఊరికీ చెందని రెండు ఊళ్లను కల్పించారు. తప్పని అనను. మనుషుల తేడాలన్నీ ఇంత వెర్రివేనని పిల్లవాడికి ఒక్క చూపులో తెలియజెప్పడానికి అది మంచి ఉపాయమే. కాని వాళ్లు ఎరగనిది ఒకటి జరిగింది. వాళ్లు నవ్వు కోసం ఎంచుకున్న రెండు వస్తువులూ కోయంబత్తూరు జిల్లాలో నవ్వు పుట్టించేవి కావు. చెప్పు కుట్టిన జనం చెప్పు తొడుక్కుని మన వీధిలో నడవకూడదన్నది ఇక్కడి పాత కట్టు. వేరే పాత్ర పెట్టడం ఇక్కడి పాత ఆచారం. టీ కొట్లలో రెండు రకాల గ్లాసులు ఉండేవని మనలో నడివయసు దాటినవాళ్లందరికీ తెలుసు. కల్పించిన ఊళ్లు అనుకున్నవి అన్నూరులో దిగేసరికి నిజమైన ఊళ్లయ్యాయి.

ఆ రోజు రాత్రి ఇంకో సంగతి తట్టింది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. మనవడు బొమ్మల కథను ఇంగ్లీషులో చూశాడు. ఇంగ్లీషులో ఊరిపెద్దకూ, దొంగకూ, గోతిలో పడ్డవాడికీ, పైకి లాగినవాడికీ ఒకటే ‘హీ’. ఆ భాషలో ఆలోచించినంతసేపూ వాడికి అందరూ ఒక ఎత్తు మీదే ఉన్నారు. ప్రశ్నను నాతో తెలుగులో అడగాల్సి వచ్చేసరికి వాడు ఎంచుకోవాలి: వాడా, ఆయనా? ‘వాడు’ అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు, డెబ్బై దాటిన మనిషిని. వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. మేం అనేది విని నేర్చుకున్నాడు. మూడో అబద్ధంలో నేనూ ఆ మాటే వాడాను.

‘వాడు’ అన్న మాటలో దోషం లేదు. నేను మనవణ్ణి ఈ వ్యాసం పొడవునా వాడు అనే రాస్తున్నాను, అందులో ఉన్నది గారాబం. పసివాడైన కృష్ణుణ్ణి వాడు అంటాం. కాని తిరిగి మనల్ని వాడు అనలేని మనిషిని వాడు అన్నప్పుడు ఆ మాట చూరులో పెట్టిన టంబ్లరు అవుతుంది. టంబ్లరునైతే ఎప్పుడో ఒకసారి వచ్చిన చుట్టాలు చూస్తారు. క్రియాపదం చివర దాగిన దాన్ని ఎవరూ చూడరు, దానికి చట్టమూ లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేసింది. 1955లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది, 1989లో అత్యాచారాల నిరోధానికి మరో చట్టం వచ్చింది. ఏ చట్టమూ ‘వచ్చినాడు’ను ‘వచ్చినారు’ చేయలేదు. అది చేయవలసినవాళ్లు ఆ భాష మాట్లాడేవాళ్లే.

ఇక్కడ మన పత్రిక పాఠకులతో ఒక మాట మొహమాటం లేకుండా అనాలి. తమిళనాట మన భాష నిలబడాలని మనం చాలా కాలంగా అంటున్నాం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలకు తెలుగు అక్షరం ఎలా అందుతుందని బాధపడుతున్నాం. కోయంబత్తూరు జిల్లాలో తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగేనని సభల్లో గర్వంగా చెబుతాం. ఆ లెక్కలో అరుంధతీయులు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో పిల్లలకు జోలపాట తెలుగులోనే పాడుతున్నారు. లెక్క చెప్పేటప్పుడు వాళ్లు తెలుగువాళ్లు. ఉగాది సభలో కుర్చీలు వేసేటప్పుడు వాళ్లెక్కడ? షెడ్యూల్డు కులాల వాటాలోనే అరుంధతీయులకు మూడు శాతం విడిగా ఇస్తూ 2009లో తమిళనాడు చట్టం చేసింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అలాంటి వర్గీకరణ చెల్లుతుందన్నది. అది తెలుగు మాట్లాడే లక్షలమంది బతుకులకు సంబంధించిన తీర్పు. నేను వెళ్లిన ఏ తెలుగు సభలోనూ దాని గురించి ఒక్క ముక్క వినలేదు. చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను.

జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిన అరుంధతీ సుతుణ్ణి తంజావూరులో నిలబెట్టాడు. నాయకరాజులు ఏలిన తంజావూరు, తెలుగు కావ్యాలూ యక్షగానాలూ వెలిగిన తంజావూరు. ఆ సభల తెలుగును మన వారసత్వం అంటాం. గుడిసెలో కూర్చుని గబ్బిలంతో మాట్లాడిన వాడి తెలుగు కూడా ఈ గడ్డమీదిదేనని జాషువా గుర్తు చేశాడు. నేను ఆ కావ్యాన్ని ఎన్నోసార్లు చదివాను. కొట్టంలోకి చూడకుండానే చదివాను.

మరి బొమ్మల కథ నీతి నేర్పుతుందా? ఇంతా జరిగాక నాకు తోచింది ఇది. కథ ప్రశ్నను ఇంటి గుమ్మం దాకా తెస్తుంది. అంతవరకే దాని చేతనవుతుంది. మంచి సమరయుడి కథలో కూడా యేసు నీతివాక్యం చెప్పి ఊరుకోలేదు. నా పొరుగువాడు ఎవరని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగితే, ముగ్గురిలో ఎవరు ఆ పడినవాడికి పొరుగువాడయ్యాడని తిరిగి అడిగాడు. జవాబు అడిగినవాడి నోటే చెప్పించాడు. తెర ఆ పని చేయలేదు. తెర ముందు కూర్చున్న పిల్లవాడు పక్కకు తిరిగి తాతను అడుగుతాడు. తాత అబద్ధమాడితే, ఆ రోజుకు పిల్లవాడు నేర్చుకున్న నీతి టొమాటో చెప్పింది కాదు, తాత చెప్పింది. కథలు మంచివా చెడ్డవా, మనవా పరాయివా అని మనం వాదించుకోవడంలో ఈ భయం కొంత ఉందేమో. పిల్లవాడు తిరిగి మనల్ని ఏం అడుగుతాడోనని.

ఆ రాత్రి మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని నిజం చెప్పాను. బురదా లేదు, తెగనూ లేదు, వాడికి అదే ఇష్టమన్నదీ అబద్ధమే అన్నాను. ఎందుకలా చేస్తారో, ఎన్నాళ్లుగా చేస్తున్నామో చెప్పాను. వాడు అంతా విని, ‘తప్పని నీకు తెలుసు గదా, నువ్వేంటికి మార్చలేదు?’ అన్నాడు. దీనికి అబద్ధం కూడా దొరకలేదు. ‘భయం’ అన్నాను. ఎవరంటే భయమని అడక్కుండానే వాడు నిద్రపోయాడు.

మర్నాడు చూరులోని టంబ్లరు తీసేసి, ఇంట్లోని వెండిరంగు స్టీలు టంబ్లరులో కాఫీ తీసుకుపోయి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్నీ నన్నూ చూశాడు. తల వెనక్కి వంచి, పెదవి తగలకుండా ఎత్తి పోసుకుని తాగాడు. తరువాత కొళాయి దగ్గర కడిగి గోడ మీద బోర్లించి పెట్టాడు. ‘ఏంటికి కడగతావు’ అంటే ‘అలవాటు సామీ’ అన్నాడు. ‘సామీ అనొద్దు’ అన్నాను. నవ్వి, ‘మరేమనాల?’ అన్నాడు.

ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మన భాషలో పరాయివాణ్ణి కూడా అన్నా, మామా, బావా అని పిలుస్తాం. బస్సులో పక్కన కూర్చున్న ముసలామె అవ్వ అవుతుంది. వరసలు ఇన్ని ఉన్న భాషలో, నలభై ఏళ్లు ఒకే తోటలో పని చేసిన ఇద్దరం ఒకరినొకరు పిలుచుకోవడానికి వరస లేదు. ఆయన నాకన్నా పెద్ద గనక నేను అన్నా అనాలి, ఆయన నన్ను తమ్ముడూ అనాలి. రాయడానికి తేలికగానే ఉంది. నోటితో అనబోతే గొంతు దగ్గర ఆగింది. ఆయనకు నాకన్నా కష్టంగా ఉందని ముఖం చూస్తే తెలిసింది. నేను మంచివాణ్ణనిపించుకోవడానికి ఆయన్ను ఇరుకున పెట్టే హక్కు నాకెక్కడిది? ఆ మాటకు జవాబు చెప్పకుండానే ఇంట్లోకి వచ్చేశాను.

ఖర్చు లేదనుకున్న ఈ చిన్న మార్పుకు ఖర్చు తరువాత తెలిసింది. పరమతం కథలేంటికి అన్న ఆ బంధువు, గోడ మీద బోర్లించిన స్టీలు టంబ్లరు ఎవరిదని అడిగి తెలుసుకుని, అప్పటినుంచి మా ఇంట కాఫీ తాగడం మానేశాడు. వస్తాడు, కూర్చుంటాడు, కడుపులో మంట అంటాడు. ఎవరంటే భయమని మనవడు అడిగివుంటే చెప్పవలసిన జవాబు ఆయనే. పోయింది ఒక లోటా కాఫీ. దానికోసమా నలభై ఏళ్లు భయపడ్డాను అనిపించింది.

ఆయన ఇప్పటికీ చెప్పులు చేత పట్టుకునే వస్తాడు. వద్దని ఒకసారి చెప్పాను. సరేనని తలూపి, మర్నాడు మళ్లీ పట్టుకునే వచ్చాడు. రెండోసారి చెప్పలేదు. ఆయన పాదాలకు నేను ఆజ్ఞ ఇవ్వడం కూడా పాత పద్ధతే అవుతుందేమోనని అనుమానం.

మనవడు మాత్రం సెలవులు అయ్యేలోపల ఆయన్ను ‘తాతా’ అనడం మొదలుపెట్టాడు. మొదటిరోజు ‘తాతా, రా’ అన్నాడు, రెండు రోజులకు ‘రండి’ అయింది. ఎవరూ దిద్దలేదు. ఆయన మొదట అటూ ఇటూ చూశాడు, పిలిచింది నన్నేమోనని. ఇప్పుడు పలుకుతున్నాడు. నేను ‘ఏమయ్యా’ దగ్గర ఉన్నాను. ‘అన్నా’ అనడానికి ఇంకా నోరు రాలేదు.